గది మూలలో నల్ల చుక్క

మదనపల్లె మార్కెట్టులో టమాటాలు దించి, ఖాళీ పెట్టెలతో పుంగనూరు మీదుగా వెనక్కి పోయే వ్యానులో మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. తెర ఒక పెట్టెలో, మిషను ఒక పెట్టెలో, గడ్డిలో చుట్టిన రెండు చిన్న స్పీకర్లు ఇంకో పెట్టెలో. దించుకున్నాక రెండు రోజులు ఇల్లంతా టమాటా వాసనే. మా ఆయన దాన్ని నడిమింట్లో బల్ల మీద పెట్టించి, అందరూ వినేటట్టు ఒక మాట చెప్పాడు.

“ఇదో, మదనపల్లె కంప్యూటర్ల అంగడాయన నాకు తెలిసినోడు గాబట్టి వాడుకోని సూడమని ఇచ్చినాడు. మూడు నెలలు. అక్కాసెల్లెండ్లు గీసే బొమ్మలు ఆ దొరకు నచ్చితే ఇది ఈణ్ణే ఉంటాది. బొమ్మలు తిరిగొస్తే ఇదీ తిరిగిపోతాది. మళ్ళీ ఏడిస్తే నేను వినేది లే.”

మా ఆయనకు వీధి వైపు చిల్లర అంగడి, దాని వెనకే మా ఇల్లు. అంగడిలో కూర్చునేవాడు కాబట్టి ఆయనకు మాటంటే మాటే. బెల్లం అచ్చు రేపు ఇస్తానంటే వాన పడినా రేపే ఇవ్వాలి. అలాంటి మనిషి నలుగురిలో చెప్పాడంటే అది జరిగి తీరుతుంది. మూడు నెలల తర్వాత ఆ బల్ల మీద కంప్యూటరు ఉంటుందా, ఖాళీ బల్ల ఉంటుందా అని ఆ రోజు నుంచే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

దొర ఎవరో, బొమ్మలేమిటో చెప్పాలి. నా తర్వాత ఎనిమిదేళ్ళకు పుట్టిన చెల్లెలు అప్పుడు కుప్పంలో హాస్టల్లో ఉండి కంప్యూటరు చదువు చదివేది. నేను ఐదో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని. తనకు ఆటలు తయారు చేసే పిచ్చి పట్టుకుంది. కాల్చుకునే ఆటలు, కార్ల ఆటలు కాదు. తెర మీద ఒక గది ఉంటుంది. అందులో ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆడేవాళ్ళు బీరువాను నొక్కితే బీరువా తెరుచుకుంటుంది, దిండు నొక్కితే దాని కింద ఉత్తరం దొరుకుతుంది, ఆ ఉత్తరం పట్టుకుని ఇంకో గదికి పోవాలి. నాకు ఎంతకీ ఎక్కకపోతే చెల్లెలు ఇలా చెప్పింది.

“నువ్వు పిల్లోల్లకు కత సెప్తా సెప్తా ఆపేసి, ఇప్పుడేం జెయ్యాలో మీరే సెప్పండి అంటావే, అట్లాంటిదేక్కా. నువ్వు నోటితో అడిగేది ఇది తెరతో అడుగుతాది.”

అలా చెబితే నాకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది! మొదటి ఆట ఇద్దరం ఊరికే సరదాకు చేశాం. మా అత్త తాళం చెవుల గుత్తి పోగొట్టుకుంటే ఇల్లంతా వెతకడం. అది కల్పన కూడా కాదు, మా ఇంట్లో వారానికి రెండు సార్లు జరిగేదే. అప్పటికి మాకు కంప్యూటరు లేదు. చెల్లెలు గళ్ళ కాగితాలు తెచ్చి ఇస్తే నేను ఒక్కో గడికి రంగు పెన్సిలుతో రంగు వేసేదాన్ని. తను కాలేజీలో ఆ గళ్ళు చూసుకుంటూ తెర మీద చుక్కలు పెట్టేది. కంప్యూటరు బొమ్మ అంటే చుక్కలే కదా. అడ్డం మూడు వందల ఇరవై, నిలువు రెండు వందలు. రోజూ వాకిట్లో చుక్కలు పెట్టే దానికి ఇంకో నాలుగు చుక్కలు బరువా అనుకున్నాను.

ఇలాంటి ఆటలు చేసుకునే వాళ్ళంతా ఇంటర్నెట్టులో ఒకచోట చేరి మాట్లాడుకుంటారట. చెల్లెలు మా ఆటను అక్కడ పెట్టింది. దాన్ని ఆడిన ఒక విదేశీయుడు, ఆ గదులు గీసింది ఎవరని అడిగాడు. తన ఆటలో కొండ మీద పాత లాడ్జి ఒకటి ఉందని, దానికి ఇరవై నాలుగు గదుల బొమ్మలు కావాలని, గీసినందుకు డబ్బులు ఇస్తానని రాశాడు. అతనే మా ఇంట్లో దొర అయ్యాడు. నేను కుట్టిన రవికెలు, వేసిన అల్లికలు, ఒత్తిన అప్పడాలు ఎన్నో ఇళ్ళకు పోయాయి. ‘బాగుందమ్మా’ అన్నారు, అంతే. నా చేతి పనికి ఒకరు వెల కట్టడం అదే మొదలు. గళ్ళ కాగితాల మీద ఇరవై నాలుగు గదులు అయ్యే పని కాదు కాబట్టి చెల్లెలు బావను బతిమాలింది, కంప్యూటరు వచ్చింది.

మౌసు నా మాట వినడానికి పది రోజులు పట్టింది. మొదటి బొమ్మ లాడ్జి వాకిలి. రాతి మెట్లు, పక్కన నీళ్ళ కుండీ, తలుపు మీద లాంతరు. నాలుగు రోజులు కూర్చుని గీశాను. అది పూర్తయిన రోజు మధ్యాహ్నం మా అత్త వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని చూసి, “యాడ నేర్చినావే ఇట్లా! మెట్టు మీద కాలు పెడదామా అన్నట్టుండాది. దిష్టి సుక్క పెట్టుకోమ్మే,” అంటూ చింతపండు గింజలు తీయడానికి పోయింది. నేను నవ్వుకున్నాను. అరగంట కాలేదు, కరెంటు ఒక్కసారి పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. కంప్యూటరు లేచాక చూస్తే వాకిలి లేదు, మెట్లు లేవు. నాలుగు రోజుల పని తెల్ల కాగితమైంది.

బొమ్మను దాచుకోవడానికి ఎక్కడ నొక్కాలో తర్వాత చెల్లెలు నేర్పించింది. మధ్యమధ్యలో నొక్కుతూ ఉండాలట. నేర్చుకున్నాను, నొక్కాను. కానీ అత్త మాట కూడా నేను వదలలేదు. ప్రతి గది పూర్తయ్యాక ఎడమ వైపు కింది మూలలో, పసిబిడ్డ చెంపకు పెట్టినట్టే, మూడు చుక్కల వెడల్పున చిన్న నల్ల బొట్టు పెట్టేదాన్ని. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా ఒక్క బొమ్మ పోలేదు. దాచుకునే నొక్కుడు కాపాడిందో, బొట్టు కాపాడిందో నేను విడదీసి చూడలేదు. రెండూ చేసేదాన్ని. చెల్లెలికి మాత్రం చెప్పలేదు. చదువుకున్న పిల్ల, నవ్వుతుందని.

రెండు నెలలు అలా గడిచాయి. వంట, అంగడికి పొట్లాలు కట్టడం అయ్యాక పదకొండు గంటలకు కూర్చుంటే కరెంటు ఉన్నంతసేపు గీసేదాన్ని. అంగడికి వచ్చిన సదుం ఊరి రైతు ఒకాయన నీళ్ళు అడగడానికి లోపలికి తొంగి చూసి, “ఏమ్మా, మీ టీవీలో బొమ్మ కదల్దేమి? యాంటెన్నా తిప్పించుకో,” అని సలహా చెప్పి పోయాడు. చెల్లెలు వారం విడిచి వారం వచ్చి బొమ్మల్ని ఫ్లాపీలకు ఎక్కించుకుని, వాటిని స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని కుప్పం పోయేది. అక్కడ నెట్ సెంటరు నుంచి దొరకు పంపేది. పంపాక ఆ ఫ్లాపీలనే చెరిపి మళ్ళీ తెచ్చేది. పద్నాలుగు గదులు పోయాయి. దొర నుంచి ‘అందాయి’ అన్న మాట తప్ప ఇంకేం రాలేదు.

ఒక మంగళవారం అంగడి ఫోను మోగింది. మా ఆయన తీసి, “మీ సెల్లెలు. గొంతు బాగలేదు,” అని నా చేతికిచ్చి అక్కడే నిలబడ్డాడు.

“అక్కా, దొర రాసినాడు. అన్ని గదుల్లోనూ కింది మూల నల్లగా ఏందో మచ్చుండాదంట. తన తెర మీది మురికేమో అని తుడుసుకున్నాడంట. ఆట ఆడి సూసేదానికి ఇచ్చిన వాళ్ళంతా ప్రతి గదిలోనూ దాన్నే నొక్కుతా కూర్చున్నారంట. అదేందో దాచి పెట్టిన గుట్టనుకోని! నొక్కితే ఏం జరగదు గదా, ఆట చెడిపోయిందంటాండారంట. పది దినాల్లో సరిజేసి మొత్తం ఇరవై నాలుగూ పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడంట.”

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

“నేనూ సూసినాక్కా. కాలేజీ తెర దుమ్మనుకోని తుడిసి తుడిసి రుమాలు నల్లగయింది. ఇది వైరస్సు. ఖాయంగా వైరస్సే. నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. నేను శుక్రవారం వస్తాండాను.”

“ఏమంట?” అన్నాడు మా ఆయన.

“కంప్యూటరుకు జబ్బు చేసిందంట,” అన్నాను. ఆయన మిషను ఉన్న గది వైపు ఒకసారి చూసి తూకం రాళ్ళు సర్దుకున్నాడు. ఆయన ఏదన్నా అని ఉంటే బాగుండేది.

ఆ మూడు రోజులు అవసరం లేని పొట్లాలు కూడా కట్టాను. చెప్పేస్తే ఒక్క నిమిషం పని. కానీ చెబితే ఏమని చెప్పాలి? దొర ఇచ్చిన పనిని, చెల్లెలి పరువును, ఈ కంప్యూటరును నా కాటుక బొట్టు తినేసిందని చెప్పాలా? బొట్టు తుడిచేద్దామని ఒకసారి కూర్చున్నాను. మొదటి గది తెరిచాను. వాకిలి, మెట్లు, లాంతరు. చుక్క మీదికి మౌసు పోయింది. అప్పుడే పైన ఫ్యాను కొంచెం నెమ్మదించింది. కరెంటు తగ్గినట్టుంది, అంతే. నేను చేయి వెనక్కి తీసేసుకున్నాను.

శుక్రవారం పొద్దున చెల్లెలు ఒక్కతే రాలేదు. మదనపల్లె అంగడి మెకానిక్కును వెంట తీసుకొచ్చింది. అతను చెప్పులు విడిచి, బల్ల ముందు కూర్చుని, ఒక్కో గదీ తెరిచి చూసి తల ఊపాడు.

“బొమ్మల్లోపలే కూర్చోనుండాదమ్మా. ఒక బొమ్మకైతే సరే అనుకోవచ్చు. అన్నిట్లోనూ అదే మూల, అదే సైజు! ఇట్లాంటి వైరస్సు నేను సూడనే లేదు. మొత్తం తుడిసేసి కొత్తగా ఎక్కించాల.”

“బొమ్మలు?” అంది చెల్లెలు.

“పోతాయి. ఫ్లాపీలకు ఎక్కిస్తే వాటికీ అంటుకుంటాది. మిషను పానం ముఖ్యమా, బొమ్మలా?”

చెల్లెలు కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. కళ్ళు ఎర్రబడ్డాయి. “కానీప్పా. దొర కాడుండేవీ జబ్బు పట్టినవే గదా. పదిమందిని బతిమాలుకోని మళ్ళీ గీస్తాము,” అంది. అతను సంచిలోంచి సీడీ తీసి మిషనులోకి తోశాడు. తెర నీలంగా అయింది. తెల్ల అక్షరాలు ఏదో అడుగుతున్నాయి. అతని వేలు కీబోర్డు మీదికి పోతోంది. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. గోడ దగ్గరికి పోయి స్విచ్చు ఆపేశాను.

తెర టక్కున ఆరిపోయింది.

“ఏందక్కా!”

“అది వైరస్సు గాదు. నేను పెట్టిన సుక్క.”

“సుక్కేందమ్మా?” అన్నాడు మెకానిక్కు.

“దిష్టి సుక్క.”

 మెకానిక్కు స్విచ్చు మళ్ళీ వేసి, తన సీడీని బయటికి తీసి సంచిలో పెట్టుకుని, కిటికీ మీద ఉన్న కాఫీ గ్లాసు తానే తీసుకున్నాడు. “నాలుగేండ్లుగా ఈ పని జేస్తాండాను. ఈ రోగానికి నాకాడ మందు లేదమ్మా,” అని గుక్క తాగి, “కాఫీ మాత్రం బాగుండాది,” అన్నాడు.

చెల్లెలు నవ్వలేదు. “మూడు దినాలుగా తెలిసి నోరు మూసుకోని ఉండావా? నేను ఆ దొరకు వైరస్సని రాసినాను! మా సార్లను అడిగినాను! యాల సెప్పలేదు?”

“కంప్యూటరు పోతాదని.”

“సెప్పకుంటే పోయేది గదా ఇప్పుడే! బొమ్మలతో సహా!”

గొడవకు మా అత్త లేచి వచ్చింది. సంగతంతా విని, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నన్ను చూసింది. “అమ్మా తల్లీ, నేనేమన్నాను? సుక్క పెట్టమంటినా, పెట్టుకోమంటినా?”

“పెట్టుకో... మన్నావు.”

“మరి? బొమ్మకు యాల పెట్టినావు? బొమ్మ ఏమన్నా ఉయ్యాల్లో బిడ్డా? గీసినదానివి నువ్వు. దిష్టి తగిలితే నీ సేతికి తగలాల. నీకు పెట్టుకోమంటి!”

అదీ సంగతి. ఒక్క ‘కో’ నేను సరిగ్గా చెవిన వేసుకోనందుకు రెండు నెలల పని మీదికి వచ్చింది. అత్త కాటుక డబ్బీ తెచ్చి నా కుడి అరచేతిలో, బొటనవేలి కింద, గట్టిగా ఒక బొట్టు అద్దింది. “పో, కూర్చో. ఇంగ అన్నీ తుడిసెయ్,” అంది. చెల్లెలికి అప్పుడు కొంచెం నవ్వు వచ్చింది కానీ మొహం తిప్పుకుంది.

ఏడు రోజులు మిగిలాయి. పద్నాలుగు గదుల్లో బొట్లు తీయాలి, ఇంకా పది గదులు కొత్తగా గీయాలి. పరీక్షలున్నాయని చెల్లెలు వెళ్ళిపోయింది. ఆ వారం ఇంట్లో కూరలు మా అత్తే చేసింది. కరెంటు పోయినప్పుడల్లా గళ్ళ కాగితం మీద గీసుకుని, రాగానే తెర మీదికి ఎక్కించేదాన్ని. చేతిలో కాటుక చెరిగిపోతే మళ్ళీ పెట్టుకునేదాన్ని. మౌసంతా నల్లగా అయిపోయింది.

బొట్లు తీశాను. పాతవీ కొత్తవీ కలిపి ఇరవై గదుల్లో లేకుండా చేశాను. నాలుగింట్లో మాత్రం నా చేయి రాలేదు. ఒకటి ఉయ్యాల ఉన్న గది. ఒకటి పొయ్యి వెలుగుతున్న వంటిల్లు. ఒకటి ముసలాయన మంచం. ఇంకొకటి ఆ మొదటి వాకిలి, పోయి మళ్ళీ గీసిన వాకిలి. ఆ నాలుగూ నాకు వేరే. వాటిని వట్టిగా పంపడమంటే బిడ్డను బొట్టు లేకుండా జాతరకు తీసుకుపోయినట్టు అనిపించింది. అందుకని దాచాను. ఉయ్యాల గదిలో గోడ మీద ఈగను చేశాను. వంటింట్లో చీమ. మంచం పక్క చెక్కపెట్టెకు తాళం కన్నం. వాకిట్లో మెట్టు మీద నల్ల గింజ. ఇప్పుడు ఎవరు కనుక్కుంటారులే అనుకున్నాను.

గడువు చివరి రోజు ఫ్లాపీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేనే బస్సెక్కాను. పలమనేరులో బస్సు మారాను. బైరెడ్డిపల్లె దాటాక బస్సు ఆగిపోయింది. టైరు. అందరూ దిగి నీడ చూసుకున్నారు. నేను దిగలేదు. ఎండ తగిలితే ఫ్లాపీలు పాడవుతాయని ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చి, డబ్బా మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను. పక్క సీటు ముసలమ్మ, “అన్నం పాసిపోతాదామ్మా?” అంది. “అవునమ్మా,” అన్నాను.

కుప్పం చేరేసరికి మూడు దాటింది. చెల్లెలు నెట్ సెంటరు ముందు రోడ్డు మీదే నిలబడి ఉంది. లోపల ఫ్లాపీలు ఒక్కొక్కటే తోసి పంపుతూ అడిగింది.

“అన్నీ తీసేసినావు గదా అక్కా?”

“తీసినా.”

నా వైపు తిరిగి చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను. తను ఉయ్యాల గదిని తెరిచింది. ఈగ కనపడింది. “ఈగ బాగుండాది,” అని మాత్రం అని పంపించింది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. రెండోసారీ నోరు రాలేదు.

జవాబు ఐదు రోజులకు వచ్చింది. ఫోను తీసింది మా ఆయనే. ఈసారి నాకు ఇవ్వలేదు. “ఊఁ... ఊఁ... యెన్ని?... ఊఁ,” అంటున్నాడు. నేను గుమ్మం పట్టుకుని ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు.

“ఇరవై బాగుండాయంట. నాలుగు తిరిగొచ్చినాయి.”

“ఏవేవి?” అన్నాను.

“ఈగను నొక్కితే ఎగరలేదంట. చీమను నొక్కితే పోలేదంట. తాళం కన్నం తెరుసుకోలేదంట. దొర కోపంగా ఉండాడంట. ఆ నాలుగూ ఇంకొకరితో గీయించుకుంటాడంట.” ఫోను మీద గుడ్డ కప్పి, “అదీ నీ పనేనా?” అన్నాడు.

“నా పనే.”

“బొమ్మలు తిరిగొస్తే ఇదీ తిరిగిపోతాదని నేనన్నాను. అన్నానా, లేదా?”

“అన్నావు.”

“నాలుగు తిరిగొచ్చినాయి. మొత్తం తిరిగి రాలేదు.” ఆయన నడిమింట్లోకి వచ్చి బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు, బేరానికి వచ్చిన ఎద్దు చుట్టూ తిరిగినట్టు. తెరను తట్టాడు. మిషనును చూశాడు. మౌసును ఎత్తి, దాని నలుపు చూసి కింద పెట్టాడు.  మా అత్త తలుపు దగ్గరికి వచ్చింది. చివరికి రెండు స్పీకర్లనూ తీగలతో సహా పీకి చంకలో పెట్టుకున్నాడు.

“ఇవి పోతాయి. నేను ఆడిన మాట నిలబడాల గదా,” అన్నాడు.

మరుసటి రోజు ఖాళీ టమాటా పెట్టెలో గడ్డి పరిచి, ఆ రెండింటినీ మదనపల్లెకు పంపించాడు. మదనపల్లె అంగడాయన ఎందుకని అడిగితే, “మా ఇంట్లో వాటికి పని లేదప్పా,” అన్నాడట.

మిగిలిన కంప్యూటరు చాలా ఏళ్ళు ఉంది. దొరకు కోపం తగ్గాక ఇంకో ఆటకు గదులు అడిగాడు. మరి కొందరు కూడా అడిగారు. వాటిలో ఒక్క దాంట్లో కూడా చుక్క లేదు. అరచేతిలో మాత్రం ఉండేది.

లాడ్జి ఆట తయారైన తర్వాత దాని సీడీ పోస్టులో కుప్పానికి వచ్చింది. చెల్లెలు తెచ్చి వేసి చూపించింది. మెట్ల మీద మనిషి ఎక్కుతున్నాడు. ఇంకొకరు గీసిన వాకిలి, ఇంకొకరి లాంతరు. వంకలేమీ లేవు, బాగానే ఉన్నాయి. ఉయ్యాల గది, వంటిల్లు, ముసలాయన మంచం కూడా వాళ్ళవే. అవి దాటితే అన్నీ నావి. మెట్ల కింద గది, నీళ్ళ తొట్టి, కిటికీలోంచి కొండ. మా అత్త ముందుకు వంగి చూసి, “అడుగుల సప్పుడు రాదేమే?” అంది.

చెల్లెలు కాలేజీలో ఆడి చూసి వచ్చింది కాబట్టి పక్కన కూర్చుని చెబుతూ పోయింది. ఇక్కడ వాన పడతాది, ఇక్కడ తలుపు కిర్రుమంటాది, ఈ గదిలో ఎవరో పాడతా ఉంటారు అని. మా ఆయన అంగడిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. ఒకప్పుడు స్పీకర్లు ఉన్న చోటు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. నేను ఆ గదులన్నీ తిరిగాను, ఒక్కొక్క దాన్నీ, చప్పుడు లేకుండా.